సైకిల్ పోలో గోల్: వెడల్పు, వల, బరువుల్లో ఏది ముందు తేల్చుకోవాలి

"గోలన్నా! లోపలే పోయింది!"

"యాడ పోయింది? కోన్ పైన పోయింది. పైన పోతే గోల్ ఎట్లయితాది?"

తిరుపతిలో మేము ఆడే పాత బాస్కెట్‌బాల్ కోర్టులో దాదాపు ఆర్నెల్లు ప్రతి ఆదివారం పొద్దున ఇవే మాటలు. అటు రెండు ప్లాస్టిక్ కోన్లు, ఇటు రెండు. వాటి మధ్య నుంచి బంతి పోతే గోల్. బంతి నేల మీద దొర్లినంతసేపు పేచీ లేదు. ఎవరైనా గట్టిగా కొట్టి అది మోకాలెత్తు లేచిందంటే చాలు, కోన్ లోపలి నుంచి పోయిందా, కొన మీదుగా పోయిందా అన్నది ఏ ఇద్దరికీ ఒకేలా కనిపించేది కాదు. ఎండ ముదిరేలోపు దొరికే రెండు గంటల్లో అరగంట పంచాయితీకే పోయేది.

వెల్డింగ్ షాపుకు పోయి పైపులతో గోల్ చేయించుకుంటే సరిపోతుందని అందరం అనుకున్నాం. చేయించాం కూడా. ఆ మొదటి జతను మూడు నెలల్లో పక్కన పెట్టేశాం. పైపు మంచిదే, వెల్డింగూ మంచిదే. ముందు తేల్చుకోవాల్సిన సంగతులు మేము తేల్చుకోలేదు. గోల్ చూడ్డానికి ఒక చట్రమే కానీ, అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు ప్రశ్నలున్నాయి. ఎంత వెడల్పుంటే ఆట బాగుంటుంది? బంతి లోపలికి పోయిందని ఇరువైపులా ఒప్పుకునేలా ఎలా చేయాలి? మనిషి సైకిల్‌తో సహా వచ్చి దాన్ని గుద్దుకుంటే ఏమవుతుంది? మొదటి రెండూ అందరికీ తడతాయి. మూడోది దెబ్బ తగిలాక తడుతుంది. మాకు అలాగే తట్టింది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. సైకిల్ పోలో 1891లో ఐర్లండ్‌లో పుట్టింది. రిచర్డ్ మెక్రెడీ అనే సైకిల్ పందేల వీరుడు గుర్రానికి బదులు సైకిల్ పెట్టి ఆట కట్టాడు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఆటగా కూడా ఆడించారు. మన దేశంలో పచ్చిక మైదానాల మీద ఆడే సైకిల్ పోలో చాలాకాలంగా ఉంది, జాతీయ పోటీలూ జరుగుతాయి. మేము ఆడేది మాత్రం దాని తమ్ముడి వరస, హార్డ్‌కోర్ట్ పోలో. అమెరికాలోని సియాటెల్‌లో సైకిళ్ల మీద ఉత్తరాలు, పార్సిళ్లు చేరవేసే కుర్రాళ్లు ఖాళీ సమయంలో గచ్చు మీద ఆడుతూ పెంచిన ఆట ఇది. జట్టుకు ముగ్గురే. ప్లాస్టిక్ బంతి. కర్ర చివర అడ్డంగా బిగించిన పైపు ముక్కే మ్యాలెట్ తల. ఆ ముక్క కొసతో కొట్టిన బంతి పోతేనే గోల్, పక్క భాగంతో తోసింది లెక్కలోకి రాదు. కాలు నేలకు తగిలితే మధ్య గీత దగ్గరకో, పక్కనున్న గుర్తు దగ్గరకో వెళ్లి మ్యాలెట్‌తో తట్టి వచ్చేదాకా బంతిని ముట్టుకోకూడదు. మ్యాలెట్ తలకు మన పొలాల్లో స్ప్రింక్లర్లకు వాడే 63 మిల్లీమీటర్ల నల్ల పైపు చక్కగా సరిపోతుంది. చిత్తూరు వైపు ఏ పైపుల అంగట్లో అడిగినా తుండు ముక్క ఇస్తారు.

గుర్రాల పోలోలో గోల్ స్తంభాల మధ్య దూరం 24 అడుగులు. పైన అడ్డపైపు ఉండదు, వలా ఉండదు. స్తంభం ఎంత ఎత్తున్నా బంతి వాటి మధ్య నుంచి పోతే చాలు. ఆ స్తంభాలను తేలిగ్గా చేయాలని, గుర్రం గుద్దుకుంటే విరిగి పడిపోయేలా ఉండాలని నియమం. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాను.

వెడల్పు సంగతి చూద్దాం. హార్డ్‌కోర్ట్‌లో ఎక్కువమంది స్థిరపడిన కొలత 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. ఈ 6 ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే టేపు తీసుకుని మీ సైకిల్ దగ్గరకే వెళ్లండి. నాది 26 అంగుళాల చక్రాల సైకిల్. ముందు టైరు అంచు నుంచి వెనక టైరు అంచు దాకా 5 అడుగుల 8 అంగుళాలు. గోల్ కాసేవాడు చేసే మొదటి పని సైకిల్‌ను గోల్ నోటికి అడ్డంగా పెట్టి నిలబడడం. అంటే గోల్ వెడల్పును సైకిల్ పొడవుతోనే పోల్చుకోవాలి. గోల్ 5 అడుగులే ఉంటే సైకిల్ అడ్డం పెట్టినవాడు తలుపు గడియ వేసినట్టే, అవతలివాళ్లకు ఆడడానికి ఏమీ మిగలదు. 8 అడుగులుంటే రెండడుగులకు పైగా సందు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కాసేవాడు ఎంత నేర్పరి అయినా ఒకటే. 6 అడుగులంటే సైకిల్ కంటే నాలుగంగుళాలు ఎక్కువ. బంతి అడ్డుకొలత సుమారు రెండున్నర అంగుళాలు. కాసేవాడు ఒక పక్కకు జరిగితే రెండో పక్క బంతి పట్టేంత దారి తెరుచుకుంటుంది. సరిగ్గా మధ్యలో ఉంటే రెండు పక్కలా మూసుకుంటుంది. కాపలాలో నేర్పంతా ఆ నాలుగంగుళాల్లోనే తేలుతుంది.

అయితే అడ్డం పెట్టిన సైకిల్ గోడ కాదు. రెండు టైర్ల మధ్య దాదాపు 15 అంగుళాల ఖాళీ ఉంటుంది. అందులో పెడలు, చైను చక్రం, కాలు కొంత అడ్డం వస్తాయి, మిగతాది మ్యాలెట్‌తో కాచుకోవాలి. చక్రాల్లోంచి పోదా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. పోదు. 36 పుల్లల చక్రంలో రిమ్ దగ్గర పుల్లకూ పుల్లకూ మధ్య దూరం ఐదు సెంటీమీటర్లలోపే, బంతి ఆరున్నర సెంటీమీటర్లకు పైనే. పోదు కానీ పుల్ల వంగుతుంది. అందుకే చాలామంది చక్రానికి అట్టో ప్లాస్టిక్ షీటో బిగించుకుంటారు. మీ జట్టులో పాతకాలం పెద్ద సైకిళ్లు ఎక్కువుంటే వాటి పొడవు ఆరడుగులు దాటవచ్చు. అప్పుడు గోల్‌ను ఆరున్నర అడుగులకు పెంచినా తప్పేమీ లేదు. సొంతంగా ఆడుకునేటప్పుడు పుస్తకంలో ఉన్న కొలత కంటే మీ సైకిళ్ల కొలతే ముఖ్యం. బయటి జట్లతో ఆడాలనుకున్నప్పుడు మాత్రం 6 అడుగులకే కట్టుబడండి.

ఎత్తు మూడడుగులు ఎందుకన్నది త్వరగా చెప్పేయొచ్చు. అంతకంటే పైకి లేచే బంతి కాసేవాడి ఛాతీకో మొహానికో తగులుతుంది. అలాంటి దెబ్బకు గోల్ అనే బహుమతి లేకపోతే ఎవరూ అటు కొట్టరు.

కాలేజీలో హాకీ గోల్ ఉంది కదా, అదే వాడుకోకూడదా అని మమ్మల్ని చాలామంది అడిగారు. హాకీ గోల్ వెడల్పు 3.66 మీటర్లు, అంటే 12 అడుగులు. హ్యాండ్‌బాల్, ఫుట్‌సాల్ గోల్ 3 మీటర్లు. వాటిలో సైకిల్ పోలో ఆడితే పావుగంటలో పదిహేను గోల్స్ పడతాయి, ఆ తర్వాత కాయడం మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. వెడల్పులో సరిగ్గా సరిపోయేది ఐస్ హాకీ గోల్, అదీ 6 అడుగులే. అది మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? ఆన్‌లైన్‌లో వచ్చే మడత పెట్టే పిల్లల ఫుట్‌బాల్ గోల్స్ ప్రయత్నించాం. చక్రం తగిలితే చాలు, గోల్ మొత్తం సైకిల్‌కు చుట్టుకుని వచ్చేస్తుంది.

ఇక బరువు. మా మొదటి జత గోల్స్‌ను అంగుళం పైపుతో, అదీ ఎర్ర గీత ఉన్న మందపు రకంతో చేయించాం. ఒక్కోటి 30 కిలోల దాకా తూగింది. అంతటితో ఆగక, రాత్రిళ్లు పాత ఇనుము ఏరుకునేవాళ్లు ఎత్తుకుపోతారని భయపడి గచ్చులో రంధ్రాలు వేసి యాంకర్ బోల్టులతో బిగించేశాం. బంతి తగిలితే ఖంగుమని మోగేది, వెంట్రుకవాసి కదిలేది కాదు. అందరికీ భలే నచ్చింది. మూడో నెలలో ఒక ఆదివారం మా జట్టులో అందరికంటే చిన్నవాడు బంతి వెంట గోల్ పక్కగా తిరగబోయాడు. వెనక చక్రం ఇసుక మీద జారింది. భుజం నేరుగా నిలువు పైపుకు తగిలింది. గోల్ ఇంచు కూడా కదల్లేదు. కదిలింది అతని కాలర్ బోన్. ఆరు వారాలు చేతికి పట్టీ. ఆసుపత్రిలో వాళ్లమ్మ నన్ను "ఏం నాయనా, ఆట గోల్‌ను ఎవరైనా భూమిలో పాతిపెడతారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి కూర్చుని చిన్న లెక్క వేశాను. అది ముందే వేసి ఉండాల్సింది. బంతి బరువు సుమారు 70 గ్రాములు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కొట్టారనుకుందాం. బరువును కిలోల్లో, వేగాన్ని సెకనుకు మీటర్లలో పెట్టి గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 1.2 కూడా ఉండదు. ఇప్పుడు మనిషి, సైకిల్ కలిపి 78 కిలోలు, వేగం గంటకు 15 కిలోమీటర్లే అనుకుందాం. ద్రవ్యవేగం దాదాపు 325. బంతి కంటే 280 రెట్లు. అంటే బంతి దెబ్బకు నిలవాల్సిన గోల్ ఒకటి, మనిషి దెబ్బకు లొంగాల్సిన గోల్ ఇంకొకటి. ఆ రెండింటి మధ్య ఎంతో చోటు ఉంది. 16 కిలోల గోల్ కూడా బంతి దెబ్బకు కంటికి కనిపించేంత కదలదు. అదే గోల్ మనిషి తగిలితే నాలుగడుగులు జారి, దెబ్బలో చాలా భాగం తనతో తీసుకుపోతుంది. మేము 30 కిలోల ఇనుమును భూమికి బిగించి బంతి నుంచి గోల్‌ను కాపాడాం. దానికి ఆ కాపాడుకోవడం అవసరమే లేదు. గుర్రాల పోలోలో స్తంభం విరిగేలా ఉండాలన్న నియమం వెనక ఉన్న ఆలోచన నాకు అప్పుడు అర్థమైంది.

మరి తేలికగా చేసి వదిలేయొచ్చా? అదీ కుదరదు. కాసేవాడు అలసిపోయినప్పుడు పై పైపు మీద చెయ్యి వేస్తాడు, హ్యాండిల్ ఆనిస్తాడు. ఆట అయ్యాక పిల్లలు వచ్చి వేలాడతారు. ముప్పావు అంగుళం పైపుతో, నేల మీద వెనక్కి మూడడుగుల లోతుతో చేస్తే గోల్ బరువు సుమారు 16 కిలోలు. ఆ బరువులో ఎక్కువ భాగం ముందు వైపే ఉంటుంది. పై పైపును పట్టుకుని ముందుకు లాగితే ఆరేడు కిలోల బలానికే అది బోర్లా పడుతుంది. ఇక్కడ పనికొచ్చేది ఇసుక సంచి. వెనక పైపు మీద, రెండు మూలల్లో, పది పది కిలోల సంచులు రెండు పెడితే అదే గోల్‌ను ఒరిగించడానికి 26 కిలోల బలం కావాలి. సంచిని ముందు కాళ్ల దగ్గర పెడితే ఈ విషయంలో ఏ లాభమూ లేదు. ఇరవై కిలోల ఇసుక ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి నాలుగు రెట్లు తేడా వస్తోంది. గచ్చుకు రంధ్రం అక్కర్లేదు, మనిషి గుద్దుకున్నప్పుడు సంచులతో సహా జారుతుంది. పాత బియ్యం సంచిని కత్తిరించి రెండు పొరలుగా కుట్టించి, మూతి నైలాన్ తాడుతో బిగించాం. ఒక పొర సంచి ఎండకు నెలన్నరలో పొడైపోతుంది, అనుభవం మీద చెబుతున్నాను.

సంచులున్నా సరే, ఊగుతూ వేలాడే పిల్లల బరువుకు గోల్ పడవచ్చు. కదిలే ఫుట్‌బాల్ గోల్స్ మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. మన గోల్ మూడడుగులే, అయినా పై పైపు పసివాడి తల మీద పడితే చిన్న దెబ్బ కాదు. ఆట అవగానే రెండు గోల్స్‌నూ నోరు నేలకు ఆనేలా బోర్లించి, ఒకదానికొకటి గొలుసు వేసి, కంచె స్తంభానికి తాళం పెడుతున్నాం. ఇనుము దొంగల భయానికి అసలు మందు ఈ గొలుసే. బోల్టులు కావు.

దేంతో కట్టాలన్న ప్రశ్నకు మూడు జవాబులున్నాయి, మూడింటితోనూ ఆడాం.

ముందుగా వెదురు బొంగులు. షామియానా వేసేవాళ్ల దగ్గర పాతవి అడిగితే ఇస్తారు. కీళ్ల దగ్గర సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి బిగించి చుడితే, తాడు కంటే గట్టిగా పట్టుకుంటుంది, వదులైతే మళ్లీ లాగి చుట్టొచ్చు. మనిషి తగిలితే ట్యూబు కట్టు సాగుతుంది, బొంగు వంగుతుంది. దెబ్బ తక్కువ. ఆట మొదలుపెట్టేవాళ్లు ఇనుము మీద డబ్బు పెట్టే ముందు రెండు నెలలు దీంతో ఆడండని నేను గట్టిగా చెబుతాను. ఆ రెండు నెలల్లో మీకు ఎంత వెడల్పు కావాలో తెలిసిపోతుంది, బొంగును జరిపి చూసుకోవచ్చు కూడా. చీలిందంటే మాత్రం వెంటనే మార్చేయాలి. వెదురు పేడు గుచ్చుకుంటే బయటికి తీయడం నరకం.

రెండోది పీవీసీ. అంగుళంన్నర పైపు, ఎల్బోలు, టీలు, డబ్బా గమ్. అరపూటలో అయిపోతుంది, వెల్డర్ అక్కర్లేదు, విప్పి ఆటోలో వేసుకుని పోవచ్చు. మూడు దిక్కులకు మూడు పైపులు కలిసే మూల ముక్క మాకు ప్లంబింగ్ షాపుల్లో దొరకలేదు, టీ పక్కన ఎల్బో వేసి సర్దుకున్నాం. గమ్ అన్నిచోట్లా వేయకండి. ముందు చట్రాన్ని అతికించి, వెనక కీళ్లను స్క్రూతో బిగిస్తే విప్పుకోవచ్చు. పీవీసీకి శత్రువు మన ఎండ. తిరుపతి మే నెల ఎండలో బయట వదిలేస్తే పై పైపు మధ్యలో ఊయల తాడులా దిగుతుంది. ఒకటి రెండేళ్లు ఎండిందంటే పెళుసెక్కుతుంది, అప్పుడు తగిలితే పగిలి కత్తిలా అంచు లేస్తుంది. నీడలో దాచుకునే చోటుంటేనే దీని జోలికి వెళ్లాలి.

మూడోది ఇనుము. మా రెండో జత ఇదే, ఇప్పుడు ఆడుతున్నదీ ఇదే. పైపుల అంగట్లో గీతల రంగు చూసి అడగాలి. పసుపు గీత పలచన, నీలం మధ్యరకం, ఎరుపు మందం. ముప్పావు అంగుళం నీలం గీత పైపు మీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. గోల్‌కు అది చాలు. పైపు పొడవు 6 మీటర్లు, అంటే 20 అడుగులకు నాలుగంగుళాలు తక్కువ. ఒక్కో గోల్‌కు రెండు పైపులు పడతాయి. లోపలి కొలత ఆరడుగులు రావాలంటే పైపు మందం కూడా కలుపుకుని అడ్డపైపును 6 అడుగుల 2 అంగుళాలు కోయించాలి. అలాంటివి రెండు, ఒకటి పైకి, ఒకటి వెనక నేల మీదకు. మూడడుగులవి నాలుగు, రెండు నిలువుకు, రెండు నేల పక్కలకు. పై మూల నుంచి వెనక కింది మూలకు ఏటవాలుగా 4 అడుగుల 3 అంగుళాలవి రెండు. మొదటి పైపులో రెండు పొడవువి, రెండు మూడడుగులవి. రెండో పైపులో రెండు ఏటవాలువి, మిగతా రెండు మూడడుగులవి. చివరికి ఐదడుగుల ముక్క మిగులుతుంది. ముందు, నేల మీద, గోల్ నోటికి అడ్డంగా మాత్రం ఏ పైపూ వేయకూడదు. అక్కడ గీతే ఉండాలి.

జీఐ, అంటే జింకు పూత వేసిన పైపు కొంటే తుప్పు బాధ తక్కువే కానీ వెల్డింగ్ చేసేటప్పుడు తెల్లటి పొగ వస్తుంది. అది జింకు పొగ, పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం. కీలు వచ్చేచోట పూతను గ్రైండర్‌తో తీసేశాకే వెల్డింగ్ పెట్టించాలి. ఆ బాధెందుకని మేము పూత లేని నల్ల పైపు తీసుకున్నాం. రేణిగుంట రోడ్డులో ఒక షాపులో పని. మేస్త్రీ మా కాగితం మీద బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం సామీ, ఇది కోళ్లగూడా?" అన్నాడు. చెప్పాక ఆసక్తిగానే చేశాడు. నాలుగు మూలలకూ ముందు చిన్న చుక్కలు పెట్టి ఆపాడు. జేబులోంచి నూలుదారం తీసి, పై ఎడమ మూల నుంచి కింద కుడి మూలకు లాగి ముడి వేశాడు. అదే దారాన్ని రెండో వైపు ఐమూలగా పెట్టి చూశాడు. ముడి అర అంగుళం దాటింది. సుత్తితో ఒక మూలను తట్టాడు, మళ్లీ కొలిచాడు. ఆరుకు మూడు చట్రంలో ఐమూల కొలత రెండువైపులా 6 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు రావాలి. అది వచ్చాకే పూర్తి వెల్డింగ్ పెట్టాడు. ఈ కొలత చూసుకోకుండా కట్టిన గోల్ నేల మీద మూడు కాళ్లతో నిలబడి నాలుగో కాలు గాల్లో ఊపుతుంది. మా మొదటి జతలో ఒకటి అలాగే ఉండేది. బోల్టులు వేసి బలవంతంగా కూర్చోబెట్టాం.

వెల్డింగ్ గడ్డలను నున్నగా అరగదీయించండి. నిలువు పైపుల కింది కొసలకు మూతలు పెట్టించండి, లేకపోతే తెరిచిన పైపు నోరు గచ్చును గీరుతుంది, టైరును కోస్తుంది. నిలువు పైపులకు మెత్త తొడుగు తప్పనిసరి. ఏసీ పైపులకు చుట్టే నల్ల ఫోమ్ తొడిగి, దాని మీద చీల్చిన పాత సైకిల్ టైరు వేసి కట్టాం. ఫోమ్ ఒక్కటే అయితే మ్యాలెట్ దెబ్బలకు రెండు వారాలు నిలవదు.

వల గురించి చాలామంది ఆఖర్లో ఆలోచిస్తారు. నా దృష్టిలో పేచీలు తీర్చేది చట్రం కంటే వలే. బంతి లోపలికి పోయి అక్కడే ఉండిపోతే ఇక వాదన ఎక్కడిది? మొదటి జతకు కోళ్ల జాలీ బిగించాం, గట్టిగా ఉంటుందని. అది గట్టిగా ఉండడమే తప్పయింది. జోరుగా వచ్చిన బంతి జాలీకి తగిలి అంతే జోరుగా బయటికి వచ్చేది. "పైపుకు తగిలి వచ్చింది" అని ఒకరు, "లోపల తగిలి వచ్చింది" అని ఇంకొకరు. దానికి తోడు వెనక మధ్యలో ఒక ఏటవాలు పైపు ఆసరాగా పెట్టించాం. బంతి దానికి తగిలి బయటపడ్డప్పుడల్లా మ్యాచ్ ఆగేది. రెండో జతలో ఐదడుగుల ముక్క మిగిలినా ఆ మధ్య ఆసరా పెట్టించలేదు. రెండు పక్కలా ఉన్న ఏటవాలు పైపులే చాలు.

ఇప్పుడు వాడేది నైలాన్ వల. పులికాట్ సరస్సు మీద చేపలు పట్టేవాళ్లున్న సూళ్లూరుపేట వైపు నుంచి తెలిసినవాళ్లు పాత వల తెచ్చిచ్చారు. వల తీసుకునేటప్పుడు కన్ను కొలవండి. బంతి ఆరున్నర సెంటీమీటర్లు, వల కన్ను నాలుగున్నర దాటకూడదు. ఒంటిపోగు వలలు మెరుస్తూ సన్నగా ఉంటాయి, అవి వద్దు. మ్యాలెట్ కొస తగిలితే తెగిపోతాయి. పేనిన నూలులా ఉండే వల కావాలి. క్రికెట్ ప్రాక్టీస్ నెట్ ముక్క కూడా బాగా పనిచేస్తుంది. అన్నిటికంటే ముఖ్యం వదులు. వలను చట్రం కంటే అడుగున్నర ఎక్కువ తీసుకుని, వెనక నేల పైపుకు ముందుగా నాలుగు వేళ్ల మందం కుచ్చు పడేలా వేలాడదీయాలి. బంతి ఆ కుచ్చులో పడి చచ్చినట్టు ఆగుతుంది. కింది అంచును పైపుకు జానెడుకొక ముడి వేసి కట్టాలి. ముడుల మధ్య దూరం ఎక్కువైతే బంతి కింద నుంచి జారి వెనక్కి పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పక్క వల కూడా వదలొద్దు. పక్క నుంచి దూరిన బంతిని గోల్ అనేవాళ్లు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు.

గోల్ గీతను గచ్చు మీద తెల్ల పెయింట్‌తో, రెండంగుళాల మందంతో వేయండి. బంతి మొత్తం ఆ గీత దాటాలి. గీత వేయడానికి ముందు గోల్ ఎక్కడుండాలో ఖాయం చేసుకోండి, మేము చెరిపి మళ్లీ వేశాం. బాస్కెట్‌బాల్ కోర్టు 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. హార్డ్‌కోర్ట్ పోలోకు అది చిన్నదే, మామూలుగా 40 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కోర్టు చిన్నది కదా అని గోల్‌ను గోడకు ఆనించేస్తే ఆట సగం చచ్చిపోతుంది. గోల్ వెనక నుంచి తిరిగి రావడం ఈ ఆటలో పెద్ద అందం. కాసేవాడు మెడ తిప్పి చూసేలోపు రెండో పక్క నుంచి బంతి వస్తుంది. అందుకు సైకిల్ తిరిగేంత చోటు, కనీసం 3 మీటర్లు, వెనక వదలాలి. అటు మూడు, ఇటు మూడు, రెండు గోల్స్ లోతు కలిపి ఇంకో రెండు పోగా గోల్ నోటికీ నోటికీ మధ్య సుమారు 20 మీటర్లు మిగులుతుంది. చాలు. బాస్కెట్‌బాల్ స్తంభం సరిగ్గా ఆ తిరిగే దారిలోనే ఉంటే దానికి పాత పరుపు ఒకటి చుట్టండి. గోల్ జారుతుంది, ఆ స్తంభం జారదు.

గోల్ జరిగిందంటే మళ్లీ సరిచేయడానికి ముందు కాళ్ల చోటు గీత చివరల్లో చిన్న ఎర్ర చుక్కలు పెట్టుకున్నాం. పైపులకు రెడ్ ఆక్సైడ్ మీద ఎరుపు, తెలుపు పట్టీలు వేశాం. పొద్దున ఆరింటికి, చెట్ల నీడ కోర్టు మీద ఉన్నప్పుడు, నల్ల పైపు కంటికి ఆనదు.

మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఇనుప గోల్‌కు అసలు పరీక్ష ఆ మూడు నెలలే. పైనున్న పైపులు గాలికి ఆరిపోతాయి. నేలకు ఆనిన వెనక పైపు కింది భాగం, ఇసుక సంచి పెట్టినచోట, వారాల తరబడి తడిగానే ఉంటుంది. బయటికి రంగు బాగానే కనిపిస్తుంది. పోయిన జనవరిలో గోల్‌ను బోర్లించి చూస్తే సంచి కింద జానెడు మేర రంగు పొక్కులెత్తి, గోరుతో గీస్తే పొరలుగా లేచింది. గీరి, ఉప్పుకాగితం పెట్టి, మళ్లీ రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేశాం. ఇప్పుడు సంచి కింద పాత ట్యూబు ముక్క పరుస్తున్నాం, వాన రోజుల్లో సంచులు తీసి పక్కన పెడుతున్నాం. కాలర్ బోన్ విరిగిన కుర్రాడే ఆ పని చూసుకుంటాడు. ఆట అయ్యాక సంచులు దించేది, గొలుసు తాళం వేసేది, తాళంచెవి ఇంటికి పట్టుకుపోయేది అతనే.